మోటార్‌ను అటూ ఇటూ తిప్పడం ఎలా? నాలుగు ట్రాన్సిస్టర్లతో హెచ్-బ్రిడ్జి

"ఒకవైపు బాగానే తిరుగుతోంది సార్, రెండోవైపు తిప్పగానే ట్రాన్సిస్టర్ కాలిన వాసన వస్తోంది." కాలేజీల్లో ప్రాజెక్టుల సీజన్ మొదలైందంటే ఈ మాట నాకు వారానికి రెండుసార్లయినా వినిపిస్తుంది. డిప్లొమా పిల్లలు, ఇంజినీరింగ్ మూడో ఏడాది వాళ్లు, కోళ్ల గూటి తలుపు దానంతటదే తెరుచుకోవాలని తంటాలు పడే పెద్దాయన... అందరిదీ ఒకటే గొడవ. బొమ్మ చూసే కట్టామంటారు, కనెక్షన్లన్నీ సరిగ్గానే ఉన్నాయంటారు. అయినా కాలిపోయింది.

చాలాసార్లు బొమ్మ సరైనదే, కట్టిన వరుసే తప్పు. నాలుగు ట్రాన్సిస్టర్లూ ఒకేసారి గుచ్చేసి, మోటార్ తగిలించి, బ్యాటరీ ఇచ్చేస్తారు. ఎక్కడో ఒక కాలు తారుమారైతే అది తెలిసేది పొగ వచ్చాకే. అందుకే ఇక్కడ సగం కట్టి, పరీక్షించి, ఆ తర్వాతే మిగతా సగం కడదాం. ఓ అరగంట ఎక్కువ పడుతుంది. ఆ అరగంటకు ఓపిక లేకపోతే ట్రాన్సిస్టర్లు డజను కొనుక్కోండి.

ముందే ఒక మాట. హెచ్-బ్రిడ్జి అంటే మోటార్‌లో కరెంటును అటూ ఇటూ మళ్లించే సర్క్యూట్. ఇది బ్యాటరీతో నడిచే చిన్న డీసీ మోటార్ల కోసం. టేబుల్ ఫ్యాను, కూలర్ పంపు, మిక్సీ, ఇలా ఇంటి 230 వోల్టుల కరెంటుతో నడిచే వేటికీ ఇది పనికిరాదు, ప్రయత్నించవద్దు. కారు వైపర్ మోటార్ డీసీదే కానీ ఆంపియర్లకు ఆంపియర్లు లాగేస్తుంది, ఈ ట్రాన్సిస్టర్లు తట్టుకోలేవు.

ఇంకో సంగతి. మీకు కావలసింది చేత్తో స్విచ్ నొక్కి అటూ ఇటూ తిప్పడం మాత్రమే అయితే ట్రాన్సిస్టర్లే అక్కర్లేదు. ఆరు కాళ్ల డీపీడీటీ స్విచ్ ఒకటి కొని, మధ్య రెండు కాళ్లకు మోటార్, పై రెండింటికి బ్యాటరీ ప్లస్, మైనస్, కింది రెండింటికి అవే అడ్డంగా మార్చి కలిపితే పని అయిపోతుంది. ట్రాన్సిస్టర్లు కావలసింది రేపు దీన్ని ఆర్డునోతోనో (ప్రోగ్రామ్ రాసి నడిపే చిన్న కంట్రోలర్ బోర్డు), సెన్సార్‌తోనో నడపాలనుకున్నప్పుడు. లేదా నేర్చుకోవాలని కట్టేటప్పుడు.

కావలసినవి

- ట్రాన్సిస్టర్లు: బీడీ139 (ఎన్‌పీఎన్) రెండు, బీడీ140 (పీఎన్‌పీ) రెండు. ఒక్కోటి అదనంగా కొనండి.
- డయోడ్లు: 1ఎన్4007 నాలుగు
- రెసిస్టర్లు: 220 ఓమ్‌లవి నాలుగు, 1కే (వెయ్యి ఓమ్‌లు) రెండు, 10కే (పదివేల ఓమ్‌లు) రెండు, 470 ఓమ్‌లది ఒకటి (అన్నీ పావు వాట్)
- కెపాసిటర్లు: 470 మైక్రోఫారడ్, 16 వోల్టులది ఒకటి, 104 అని రాసి ఉండే చిన్న సిరామిక్‌ది ఒకటి
- ఎల్ఈడీలు: ఎరుపు ఒకటి, పచ్చ ఒకటి
- మూడు కాళ్ల టోగుల్ స్విచ్. మధ్యలో ఆగేది కావాలి, షాపులో "సెంటర్ ఆఫ్" అని అడగండి
- పెన్సిల్ సెల్లు నాలుగు, వాటి హోల్డర్
- పసుపు రంగు బీఓ మోటార్, అంటే రోబో కార్లకు వాడే గేర్ మోటార్
- బ్రెడ్‌బోర్డు, జంపర్ వైర్లు, మల్టీమీటర్
- బైక్ ఇండికేటర్ బల్బు, 12 వోల్టులు 10 వాట్లది. ఎల్ఈడీది వద్దు, ఫిలమెంట్ ఉన్న పాతరకందే

హైదరాబాద్‌లో ఉంటే కోఠి గుజరాతీ గల్లీలో ఇవన్నీ గంటలో దొరుకుతాయి. బల్బు మాత్రం ఏ బైక్ స్పేర్ పార్టుల షాపులోనైనా దొరుకుతుంది.

బల్బు ఎందుకంటారా? మన ఎలక్ట్రీషియన్లు అనుమానమున్న వైరింగును సిరీస్ బల్బు పెట్టి చూడటం మీకు తెలిసే ఉంటుంది. షార్ట్ ఉంటే బల్బు వెలుగుతుంది, ఇంకేదీ కాలదు. ఇక్కడా అదే కిటుకు.

సెల్లకు బదులు 9 వోల్టుల చదరపు బ్యాటరీ వాడొచ్చా అని ప్రతి ఒక్కరూ అడుగుతారు. వద్దు. అది పొగ అలారానికో, మల్టీమీటర్‌కో తప్ప మోటార్‌కు చాలదు. మోటార్ ఆన్ కాగానే దాని వోల్టేజీ కూలబడిపోతుంది. మోటార్ ఒకసారి జర్క్ ఇచ్చి ఆగితే సర్క్యూట్ తప్పనుకుని మీరు రాత్రంతా వైర్లు పీకుతూ కూర్చుంటారు.

బీసీ547లు ఇంట్లో ఉన్నాయి, అవి పెట్టొచ్చా? అవి తట్టుకునేది 100 మిల్లీఆంపియర్లే. బొమ్మ కారులోని మోటార్ కూడా స్టార్ట్ అయ్యే క్షణంలో అంతకు కొన్ని రెట్లు లాగుతుంది. నా మొట్టమొదటి హెచ్-బ్రిడ్జి వాటితోనే కట్టాను. ఒక దాని మూతి పగిలి ముక్క ఎగిరి కళ్లద్దాలకు తగిలింది. బీడీలు దొరకకపోతే బీసీ337, బీసీ327 జత వాడండి. అవి 800 మిల్లీఆంపియర్ల దాకా తట్టుకుంటాయి, కానీ కాళ్ల వరుస వేరు.

1. ముందు మోటార్‌ను కొలవండి

మల్టీమీటర్‌ను 200 ఓమ్‌ల రేంజిలో పెట్టి మోటార్ రెండు కాళ్లకు ఆనించండి. ఇరుసును చేత్తో కొంచెం కొంచెం తిప్పుతూ నాలుగైదు చోట్ల చూసి, వాటిలో అతి తక్కువ అంకె రాసుకోండి. బ్యాటరీ వోల్టేజీని (నాలుగు సెల్లకు కలిపి 6) దానితో భాగిస్తే మోటార్ ఇరుక్కుపోయినప్పుడు లాగే కరెంటు వస్తుంది. మీటరు 8 ఓమ్‌లు చూపిస్తే 6ని 8తో భాగించండి: 0.75 ఆంపియర్.

బీడీ139, 140ల గరిష్ఠ పరిమితి 1.5 ఆంపియర్లు. కానీ ఈ సర్క్యూట్‌లో బేస్‌కు (ట్రాన్సిస్టర్‌ను తెరిచే కాలు) మనం ఇచ్చే కరెంటుతో అవి హాయిగా మోసేది అర ఆంపియర్ వరకే. 0.75 అంటే క్షణాల పాటు ఫరవాలేదు. మీ లెక్కలో 1 ఆంపియర్ దాటితే ఇక్కడే ఆగి, చివర్లో చెప్పిన ప్రత్యామ్నాయాలు చూడండి.

2. ట్రాన్సిస్టర్ కాళ్లు సరిచూసుకోండి

ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. బీడీ139ని అక్షరాలు మీవైపు, కాళ్లు కిందకి ఉండేలా పట్టుకుంటే ఎడమ నుంచి కుడికి ఎమిటర్, కలెక్టర్, బేస్. బీడీ140దీ అదే వరుస. బీసీ337, 327 అయితే చదునైన ముఖం మీవైపు పెట్టినప్పుడు కలెక్టర్, బేస్, ఎమిటర్.

నమ్మకం కుదరకపోతే, కుదిరినా సరే, మీటరును డయోడ్ గుర్తు మీద పెట్టండి. బీడీ139 బేస్‌కు ఎర్ర ప్రోబ్, మిగతా రెండు కాళ్లకు ఒకదాని తర్వాత ఒకటి నల్ల ప్రోబ్: రెండుసార్లూ 0.6, 0.7 మధ్య చూపాలి. బీడీ140కి ఇదే తలకిందులు, బేస్‌కు నల్లది. ప్రోబ్‌లు మార్చి పెడితే ఏమీ చూపకూడదు. ఎమిటర్‌కు కలెక్టర్‌కు మధ్య ఎటు పెట్టినా ఏమీ రాకూడదు. అక్కడ సున్నా దగ్గర చూపిస్తే అది చచ్చిన ట్రాన్సిస్టరే, చెత్తలో వేయండి. ఒకసారి నాకు ఒక షాపులో 139లు ఉన్న కవర్లో రెండు 140లు కలిపి ఇచ్చారు. పైన అక్షరాలు అంత సన్నగా ఉంటాయి, రెండూ చూడ్డానికి కవల పిల్లలే.

బీడీల వీపు మీద కనిపించే లోహపు రేకు లోపల కలెక్టర్‌కు కలిసి ఉంటుంది. ఎడమవైపు రెండింటి వీపులు ఒకదానికొకటి తగిలితే నష్టం లేదు, ఆ కలెక్టర్లు ఎలాగూ ఒకే చోట కలుస్తాయి. ఎడమది కుడిదానికి తగిలితే మాత్రం నేరుగా షార్టే.

3. కాగితం మీద గీసుకోండి

ఇంగ్లీషు హెచ్ అక్షరం పెద్దగా రాయండి. మధ్య అడ్డగీత మీద మోటార్ గీయండి. నిలువు గీతల పై చివరలు ప్లస్‌కు, కింది చివరలు మైనస్‌కు. ఎడమ నిలువు గీతలో మోటార్‌కు పైన ఒక ట్రాన్సిస్టర్, కింద ఒకటి. కుడి గీతలోనూ అంతే. పైవి రెండూ బీడీ140, కిందివి రెండూ బీడీ139. మోటార్ వైరు ఎడమ గీతను తాకే చోటు "ఎడమ ముడి", కుడి గీతను తాకే చోటు "కుడి ముడి" అనుకుందాం.

ఎడమ పైది, కుడి కిందది కలిసి తెరుచుకుంటే, అంటే కరెంటును పోనిస్తే, కరెంటు మోటార్ గుండా ఎడమ నుంచి కుడికి పోతుంది. కుడి పైది, ఎడమ కిందది తెరుచుకుంటే కుడి నుంచి ఎడమకి. సిద్ధాంతం ఇంతే. ఒకే వైపున ఉన్న పైదీ కిందదీ కలిసి తెరుచుకుంటే మాత్రం కరెంటు మోటార్ జోలికి పోకుండా ప్లస్ నుంచి మైనస్‌కు జారిపోతుంది. మొదట్లో చెప్పిన కాలిన వాసనకు ఒక కారణం అదే.

4. మొదటి ఐమూల జత కట్టండి

బ్రెడ్‌బోర్డు మీద ఎడమ ముడికి ఒక వరుస, కుడి ముడికి ఒక వరుస కేటాయించుకోండి. బోర్డు అంచున ప్లస్‌కు వాడే పట్టీని ఎర్ర పట్టీ, మైనస్‌కు వాడేదాన్ని నల్ల పట్టీ అందాం. బ్యాటరీ మైనస్ నల్ల పట్టీకి కలపండి. బ్యాటరీ ప్లస్ నుంచి వచ్చే వైరును నేరుగా ఎర్ర పట్టీలో పెట్టకుండా ఇండికేటర్ బల్బు గుండా తీసుకురండి. బల్బుకు హోల్డర్ లేకపోతే వైర్లు అతికించుకోండి, చేత్తో పట్టుకుని నెట్టుకురావద్దు. కొన్ని బ్రెడ్‌బోర్డుల్లో అంచు పట్టీ మధ్యలో తెగి ఉంటుంది, ఎర్ర గీత కూడా అక్కడ ఆగి ఉంటుంది. అలా ఉంటే ఒక జంపర్‌తో కలపండి.

ఇప్పుడు ఎడమ పైది (బీడీ140):

- ఎమిటర్ ఎర్ర పట్టీకి
- కలెక్టర్ ఎడమ ముడికి
- బేస్ నుంచి 220 ఓమ్‌లు కుడి ముడికి
- బేస్ నుంచి 1కే ఎర్ర పట్టీకి

కుడి కిందది (బీడీ139):

- ఎమిటర్ నల్ల పట్టీకి
- కలెక్టర్ కుడి ముడికి
- బేస్ నుంచి 220 ఓమ్‌లు స్విచ్‌లో ఒక చివరి కాలికి
- బేస్ నుంచి 10కే నల్ల పట్టీకి

స్విచ్ మధ్య కాలు ఎర్ర పట్టీకి.

పైదాని బేస్ అవతలి ముడికి పోవడం చూసి తప్పేమో అనుకుంటారు. కాదు, కావాలనే అలా పెట్టాం. కుడి కిందది తెరుచుకోగానే కుడి ముడి మైనస్‌కు దిగుతుంది, దాంతో పాటే ఎడమ పైదాని బేస్‌నూ కిందకి లాగి దాన్నీ తెరుస్తుంది. స్విచ్ ఒక్కదాన్నే లేపుతుంది, అది తన జతగాడిని లేపుకుంటుంది. ఆ 220ని పొరపాటున ఎడమ ముడికి కలిపితే ఈ జత సరిగ్గా పనిచేయదు.

5. మోటార్ లేకుండా పరీక్ష

ఎర్ర ఎల్ఈడీ, పచ్చ ఎల్ఈడీ ఒకదానికొకటి ఎదురెదురుగా కలపండి: ఒకదాని పొడుగు కాలు రెండోదాని పొట్టి కాలితో. ఈ జంటకు వరుసలో 470 ఓమ్‌లు వేసి, మోటార్ ఉండాల్సిన చోట రెండు ముడుల మధ్య పెట్టండి. స్విచ్ మధ్యలో ఉంచి సెల్లు వేయండి.

ఏమీ వెలగకూడదు. ఈ దశలో మీటరు నల్ల ప్రోబ్ మైనస్‌కు పెట్టి ముడులను చూస్తే రెండు చోట్లా ఎంతో కొంత వోల్టేజీ చూపొచ్చు. కంగారు పడకండి, పైదాని బేస్ దగ్గరున్న 1కే గుండా వస్తున్న వోల్టేజీ అది. మోటార్‌ను తిప్పేది రెండు ముడుల మధ్య తేడా.

ఇప్పుడు స్విచ్ వేయండి. ఒక ఎల్ఈడీ వెలగాలి. ఏది వెలిగిందో కాగితం మీద రాసుకోండి. ఎడమ ముడి దాదాపు బ్యాటరీ వోల్టేజీ, కుడి ముడి 0.1 దగ్గర చూపాలి. ఇండికేటర్ బల్బు చల్లగా, నల్లగా ఉండాలి. ఈ సగంలో ఏ వైపునా రెండు ట్రాన్సిస్టర్లు లేవు కనుక నిలువునా షార్ట్ అయ్యే దారే లేదు. అయినా బల్బు వెలిగిందంటే అది వైరింగ్ తప్పే. ఎక్కువసార్లు బీడీ140 ఎమిటరో, ముడి వరుసో పక్క రంధ్రంలోకి పోయి ఉంటుంది.

6. రెండో జత

సెల్లు తీసేయండి. తీయకుండా కట్టేవాళ్ల చేతులు ఎప్పుడో ఒకప్పుడు జారతాయి.

ఇది అద్దంలో బొమ్మలా అచ్చం మొదటి జతే. కుడి పైది (బీడీ140): ఎమిటర్ ఎర్ర పట్టీకి, కలెక్టర్ కుడి ముడికి, బేస్ నుంచి 220 ఎడమ ముడికి, 1కే ఎర్ర పట్టీకి. ఎడమ కిందది (బీడీ139): ఎమిటర్ నల్ల పట్టీకి, కలెక్టర్ ఎడమ ముడికి, బేస్ నుంచి 220 స్విచ్ రెండో చివరి కాలికి, 10కే నల్ల పట్టీకి.

సెల్లు వేసి స్విచ్ అటూ ఇటూ తిప్పండి. ఒకవైపు ఎరుపు, ఒకవైపు పచ్చ, మధ్యలో చీకటి. ఇండికేటర్ బల్బు మాత్రం ఎటు తిప్పినా వెలగకూడదు. అది మసకగానైనా ఎర్రబడితే ఒక వైపున పైదీ కిందదీ కలిసి తెరుచుకుంటున్నాయన్నమాట. వెంటనే స్విచ్ మధ్యకు తెచ్చి, ఇప్పుడు పెట్టిన జతనే వెతకండి, మొదటిది నిన్ననో ఇందాకో పాసైపోయింది కదా. సగం సగం కట్టడంలో లాభం ఇదే: వెతకాల్సిన చోటు సగానికి తగ్గుతుంది.

స్విచ్‌కు బదులు రెండు పుష్ బటన్లు పెట్టొచ్చా అని అడుగుతారు. ఈ సర్క్యూట్‌లో రెండూ ఒకేసారి నొక్కితే నాలుగు ట్రాన్సిస్టర్లూ తెరుచుకుంటాయి. ఇంట్లో చిన్నపిల్లలుంటే వాళ్లు చేసే మొదటి పని రెండూ కలిపి నొక్కడమే. టోగుల్ స్విచ్ ఒకేసారి రెండువైపులా ఉండలేదు, అందుకే అదే వాడమన్నాను.

7. డయోడ్లు

మోటార్ లోపల తీగచుట్ట ఉంటుంది. కరెంటు ఆపిన క్షణంలో అది ఎదురు తన్ను తంతుంది. ఆ తన్ను ట్రాన్సిస్టర్‌కు తగలకుండా డయోడ్లు పక్కదారి చూపిస్తాయి. నాలుగింటికీ ఒకే సూత్రం గుర్తుపెట్టుకోండి: తెల్ల గీత ఎప్పుడూ ప్లస్ వైపు. రెండు డయోడ్లు ముడుల నుంచి ఎర్ర పట్టీకి, గీత ఎర్ర పట్టీ దగ్గర. రెండు నల్ల పట్టీ నుంచి ముడులకు, గీత ముడి దగ్గర.

పెట్టాక ఎల్ఈడీ పరీక్ష మళ్లీ చేయండి. ఒక డయోడ్ తిరగబడితే ఒకవైపు స్విచ్ వేసినప్పుడు మాత్రమే ఇండికేటర్ బల్బు వెలుగుతుంది. "ఒకవైపు బాగానే ఉంది, రెండోవైపే సమస్య" అనే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ఈ తిరగబడ్డ డయోడే.

470 మైక్రోఫారడ్ కెపాసిటర్‌ను ఎర్ర, నల్ల పట్టీల మధ్య పెట్టండి. పక్కన చార ఉన్న కాలు మైనస్‌కు. ఇది తిరగబడితే ఉబ్బి పేలుతుంది, కాబట్టి పెట్టాక మొహం దూరంగా ఉంచి సెల్లు వేయండి.

8. మోటార్

ఎల్ఈడీలు తీసి మోటార్ కలపండి. 104 కెపాసిటర్‌ను మోటార్ కాళ్ల మీదే అతికించండి. బ్రష్‌ల నిప్పురవ్వల వల్ల వచ్చే గోల అక్కడే తగ్గుతుంది, తర్వాత ఆర్డునో పెట్టినప్పుడు దీని విలువ తెలుస్తుంది.

బల్బు ఇంకా తీయకండి. స్విచ్ వేయగానే బల్బు ఒక్క క్షణం ఎర్రగా మిణుకుమని ఆరిపోతుంది, మోటార్ తిరుగుతుంది. ఆ మిణుకు స్టార్టింగ్ కరెంటు. మోటార్ తిరుగుతున్నా బల్బు ఆరకుండా ఉంటే లోడ్ ఎక్కువ, లేదా షార్ట్. రెండు వైపులా ఇలా చూశాక బల్బు తీసి ప్లస్ వైరు నేరుగా కలపండి.

స్విచ్‌ను ఒక చివర నుంచి రెండో చివరికి ఒకే విసురుతో కొట్టకండి. వేగంగా తిరుగుతున్న మోటార్‌ను ఎదురు తిప్పితే అది ఇరుక్కుపోయినప్పటి కంటే ఎక్కువ, దాదాపు రెట్టింపు కరెంటు లాగుతుంది. మధ్యలో ఒక అర సెకను ఆగి, ఇరుసు నెమ్మదించాక రెండో వైపు వేయండి. చక్రాన్ని చేత్తో పట్టి ఆపి బలం చూడాలనిపిస్తే రెండు సెకన్లకు మించి వద్దు.

9. అంతా సరిగ్గా ఉందని ఎలా తెలుసుకోవాలి?

మోటార్ తిరిగినంత మాత్రాన సర్క్యూట్ బాగున్నట్టు కాదు. తిరుగుతుండగా మూడు కొలతలు తీయండి.

బ్యాటరీ కాళ్ల మధ్య: లోడ్ లేనప్పటి కంటే అర వోల్టు తగ్గితే సరే. 6 నుంచి 4కు పడిపోతే సెల్లు అయిపోయాయి.

మోటార్ కాళ్ల మధ్య: బ్యాటరీ చూపిన దానికంటే అర వోల్టు నుంచి ముప్పావు వోల్టు తక్కువ ఉంటే బాగున్నట్టు. వోల్టున్నర, రెండు వోల్టులు తక్కువైతే ఏదో ట్రాన్సిస్టర్ సగమే తెరుచుకుంటోంది.

అది ఏదో పట్టుకోవడానికి తెరుచుకున్న ఒక్కోదాని కలెక్టర్‌కు ఎమిటర్‌కు మధ్య చూడండి. 0.1 నుంచి 0.4 వోల్టుల మధ్య ఉండాలి. అంతకంటే ఎక్కువ చూపేదే దోషి. అక్కడ 2 వోల్టులు ఉండి 300 మిల్లీఆంపియర్లు పోతుంటే 0.6 వాట్ వేడిగా మారుతోంది, ముట్టుకుంటే చురుక్కుమంటుంది. ఐదు నిమిషాలు నడిపాక బీడీల మీద వేలు పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే చాలు. నాలుగింటిలో ఒక్కటే వేడిగా ఉంటే దాని 220 రెసిస్టర్ రంగులు మళ్లీ చదవండి: ఎరుపు, ఎరుపు, గోధుమ. ఎరుపు, ఎరుపు, ఎరుపు అయితే అది 2.2కే, బేస్‌కు పదో వంతు కరెంటే పోతోంది. దీపం వెలుతురులో గోధుమ రంగు ఎరుపులా కనిపిస్తుంది, నేనూ మోసపోయాను.

మళ్లీ మళ్లీ వచ్చే తప్పులు

పైన కూడా ఎన్‌పీఎన్ పెట్టడం. నాలుగూ ఒకే నంబరువి కొనుక్కుంటే సులువు కదా అనుకుంటారు. పైన ఎన్‌పీఎన్ పెడితే మోటార్‌కు అందేది బేస్ వోల్టేజీ కంటే 0.7 తక్కువే. ఆర్డునో 5 వోల్టులిస్తే, మీ బ్యాటరీ 12 అయినా మోటార్‌కు 4.3 దాటదు. మిగతాదంతా ట్రాన్సిస్టర్‌లో వేడి.

టిప్122, టిప్127 వాడటం. కరెంటు బాగా మోస్తాయి, నిజమే. కానీ అవి డార్లింగ్టన్‌లు, అంటే ఒకదానిలోనే రెండు ట్రాన్సిస్టర్లు ఉండేవి, ఒక్కోటి వోల్టు దాకా మింగేస్తుంది. 6 వోల్టుల బ్యాటరీతో మోటార్‌కు నాలుగే మిగులుతాయి. 12 వోల్టుల మోటార్‌కైతే ఫరవాలేదు.

వోల్టేజీ పెంచి రెసిస్టర్లు మార్చకపోవడం. ఈ 220లు 6 వోల్టులకు లెక్కవేసినవి. 9 వోల్టుల దగ్గర ఒక్కోదానిలో 0.3 వాట్ ఖర్చవుతుంది, పావు వాట్‌ది మాడుతుంది. 9కి 470 ఓమ్‌లు పావు వాట్, 12కి 470 ఓమ్‌లు అర వాట్ వేయండి.

లూజ్ కాంటాక్ట్. దీనికి లెక్కలేవీ లేవు. చవక జంపర్ వైర్లలో లోపల తెగినవి కట్టకు ఒకటైనా ఉంటాయి. అన్నీ సరిగ్గా ఉన్నా పనిచేయకపోతే ఒక్కో వైరునూ మీటరు బీప్‌లో పెట్టి వంచి చూడండి.

ఆర్డునోతో నడపాలంటే

స్విచ్ తీసేసి, ఆ రెండు 220ల స్థానంలో 330 ఓమ్‌లు పెట్టి రెండు పిన్నులకు కలపండి. 330 అయితే పిన్ మీద 13 మిల్లీఆంపియర్ల భారమే పడుతుంది. పైవాటి 220లు అలాగే ఉంచండి. ఆర్డునో గ్రౌండ్‌ను బ్యాటరీ మైనస్‌కు తప్పక కలపాలి. "కోడ్ సరిగ్గా ఉంది, మోటార్ కదలదు" అన్నవాళ్లను నేను మొదట అడిగేది ఈ వైరు గురించే. మోటార్‌కు కరెంటు మాత్రం సెల్ల నుంచే, ఆర్డునో 5 వోల్టుల పిన్ నుంచి వద్దు.

కోడ్‌లో దిశ మార్చేటప్పుడు ముందు రెండు పిన్నులూ "లో" (సున్నా వోల్టులు) చేయండి, 500 మిల్లీసెకన్లు ఆగండి, ఆ తర్వాతే రెండోది "హై" (5 వోల్టులు) చేయండి. రెండు పిన్నులూ కలిసి హై అయ్యే వాక్యం ప్రోగ్రామ్‌లో ఎక్కడా ఉండకూడదు. కొత్త కోడ్ ఎక్కించిన ప్రతిసారీ ఇండికేటర్ బల్బు మళ్లీ సిరీస్‌లో పెట్టి ఒక చుట్టు నడపండి. పీడబ్ల్యూఎంతో (పిన్‌ను చకచకా ఆన్, ఆఫ్ చేసే పద్ధతి) వేగం తగ్గించాలంటే 1ఎన్4007లు మందకొడివి, వాటి బదులు 1ఎన్5819లు వేయండి.

ఇది చాలనప్పుడు

కరెంటు అర ఆంపియర్ దాటేటట్టుంటే ట్రాన్సిస్టర్లతో కుస్తీ పట్టడం దండగ. రెడీమేడ్ మోటార్ డ్రైవర్ బోర్డులు వాడండి. టీబీ6612 బోర్డు చిన్నది, 1.2 ఆంపియర్ల దాకా మోస్తుంది, వోల్టేజీ పెద్దగా మింగదు. అందరూ కొనేది ఎల్298ఎన్ ఎర్ర బోర్డు, కానీ అది రెండు వోల్టుల దాకా తినేస్తుంది. 6 వోల్టుల బ్యాటరీతో అది పెట్టి "మోటార్ నీరసంగా తిరుగుతోంది" అంటే తప్పు మోటార్‌ది కాదు. ఐదారు ఆంపియర్ల మోటార్ అయి, దిశ అప్పుడప్పుడే మారేదైతే రెండు రిలేలు నిక్షేపంగా పనిచేస్తాయి.

బ్రెడ్‌బోర్డు మీద రెండు రోజులు సవ్యంగా నడిచాక జీరో పీసీబీ (రంధ్రాలున్న, టంకం వేసే బోర్డు) మీదకి ఎక్కించండి. అక్కడా ఇదే వరుస: ముందు ఒక ఐమూల జత, పరీక్ష, తర్వాత రెండోది. బల్బు ఉన్న చోట ఇప్పుడు 1 ఆంపియర్ ఫ్యూజు, హోల్డర్‌తో సహా. ఫ్యూజు పోయిన ప్రతిసారీ కొత్తది వేసే ముందు బల్బు పెట్టి చూడండి, అది వెలుగుతుంటే ఎన్ని ఫ్యూజులు వేసినా పోతూనే ఉంటాయి.